జానెడు ఎత్తు ఎక్కడానికి

ఇంట్లోనే ఇంజన్ ఆయిల్ మార్చుకోవాలంటే కారును ఆకాశానికి ఎత్తక్కర్లేదు. కింద వెల్లకిలా పడుకుని చేతులు ఆడించేంత చోటుంటే చాలు. ముందు చక్రాలు 16 సెంటీమీటర్లు లేచినా చాలావరకు పని నడుస్తుంది, అంటే జానెడు కూడా కాదు. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరకూడదు, విడిగా స్టాండ్లు పెట్టాల్సిందే. ర్యాంపులంటే చక్రాలు ఎక్కి నిలిచే వాలు దిమ్మలు, వాటి మీద కారు తన టైర్ల మీదే నిలబడుతుంది. చక్రం విప్పే పని కుదరదు గానీ, మిగతా పనులకు నాకు ర్యాంపులే నచ్చుతాయి.

చిక్కల్లా నేలకు బాగా దగ్గరగా ఉండే కార్లతోనే. బంపరు అంచు నేల నుంచి 12 సెంటీమీటర్ల ఎత్తులో, టైరు నేలను తాకే చోటికి 60 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. 12ని 60తో భాగిస్తే 0.2, అంటే మీటరుకు 20 సెంటీమీటర్లు లేచే వాలు. అంతకంటే నిటారైన ర్యాంపు అయితే టైరు ఎక్కేలోపే బంపరుకు తగులుతుంది. ఆ లెక్కన 16 సెంటీమీటర్ల ఎత్తుకు వాలు కనీసం 80 సెంటీమీటర్ల పొడవుండాలి, కాస్త సందు మిగలాలంటే మీటరు. పొట్టి ర్యాంపులే ఉంటే వాటి ముందు మందపాటి చెక్క పలకలు వేస్తారు. చక్రం మొదట పలక ఎక్కుతుంది, దాంతోపాటు బంపరూ లేస్తుంది.

బంపరు తప్పించుకున్నా, ర్యాంపు జారిపోయే భయం ఉంటుంది. వెనక చక్రాలతో నడిచే కారులో ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. అవి వాలును కిందికి నొక్కుతూనే ముందుకూ తోస్తాయి. 53 సెంటీమీటర్లలో 16 లేచే పొట్టి ర్యాంపు వాలు మీద, కిందికి పడే బరువులో దాదాపు 30 శాతం ముందుకు తోపుగా మారుతుంది. కారు బరువైతే ర్యాంపు గట్టిగా అదుముకుని కదలదులే అనిపిస్తుంది. కానీ బరువుతో పాటు తోపు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి ఏ లాభమూ లేదు. ర్యాంపుకూ నేలకూ మధ్య ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే సంఖ్య, 0.3 దాటాలి, అంతే. దుమ్మో నూనె మరకో ఉన్న నున్నటి నేల మీద ఆ మాత్రం పట్టు దొరకకపోవచ్చు. నేల తుడిచి, ర్యాంపు కింద రబ్బరు షీటు వేయడం అందుకే. ముందు చక్రాలతో నడిచే కారులో టైరు ర్యాంపును తనవైపు లాక్కుంటుంది కనుక ఈ తోపు చాలావరకు తీరిపోతుంది. అయితే యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే చక్రం గిర్రున తిరిగి ర్యాంపును వెనక్కి, కారు కిందికి విసిరేస్తుంది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఆఖరి క్షణం. వెయ్యి కిలోల కారులో ముందు చక్రాల మీద 600 కిలోలు ఉంటే, వాటిని 16 సెంటీమీటర్లు లేపడానికి సుమారు 940 జౌళ్ల శక్తి కావాలి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడకతో సమానంగా, కదిలే అదే కారులో సుమారు 960 జౌళ్ల గతిశక్తి ఉంటుంది! ఆ 30 శాతం లెక్కన వాలు మీద ఇంజన్ 180 కిలోల బరువుతో సమానమైన అడ్డును ఎదిరిస్తుంది. పైనున్న చదును తగలగానే ఆ అడ్డు మాయమవుతుంది, కాలు మాత్రం ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంటుంది. ఆ ఊపుకు చదును చివర చక్రాన్ని ఆపే రెండు మూడు సెంటీమీటర్ల అంచు ఒక లెక్క కాదు, కారు దాన్ని దాటి అవతల పడగలదు. అందుకే హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగమే వదిలి, అంగుళం అంగుళంగా ఎక్కించాలి. చక్రాలు ఎక్కడున్నాయో చూసి చెప్పే మనిషి పక్కన ఉండాలి, ఎదురుగా కాదు.

పైన ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, నేల మీదున్న వెనక చక్రాలకు వెనకవైపు అడ్డు దిమ్మలు పెట్టాలి. ముందుభాగం లేచిందని బరువంతా వెనక్కి పోదు. ముందు, వెనక చక్రాల మధ్య రెండున్నర మీటర్ల దూరమున్న కారు సుమారు నాలుగు డిగ్రీలే వాలుతుంది, మారేది ఒకటి రెండు శాతమే. ప్రతి ర్యాంపూ ఇంకా దాదాపు 300 కిలోలు మోస్తూనే ఉంటుంది కాబట్టి దాని మీద రాసిన పరిమితి జతకా, ఒక్కోదానికా అని ముందే చూసుకోవాలి. ఆ నాలుగు డిగ్రీలు ఆయిల్‌కు మాత్రం ఎక్కువే. పాత ఆయిల్ వెనక్కి జరుగుతుంది, ఆయిల్ వదలడానికి విప్పే డ్రెయిన్ బోల్టు ముందువైపుంటే కొంత అడుగున మిగిలిపోతుంది. కొత్తది పోశాక ఆయిల్ మట్టం చూపే కొలత కడ్డీ చూడాల్సింది కూడా కారును దించి, చదును నేల మీద నిలిపాకే.