స్తంభమెక్కిన ఫోను తీగ: హైదరాబాద్ కేబుళ్ల గొడవ ఎక్కడ మొదలైంది?

కరెంటు స్తంభాల మీది కేబుళ్ల వివాదం హైదరాబాద్‌లో మళ్లీ రాజుకుంది. 2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. రథాన్ని తాకింది విద్యుత్ లైను కాదని, 11 కేవీ (11,000 వోల్టుల) తీగకు తగిలిన కేబుల్ అని విద్యుత్ అధికారులు వివరించారు. ఆ తర్వాత సిబ్బంది స్తంభాలెక్కి కట్టలు కట్టలుగా కేబుళ్లు కోసేశారు. చాలాచోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. ఎయిర్‌టెల్ హైకోర్టుకు వెళ్తే, అనుమతి ఉన్నవి తప్ప మిగతా కేబుళ్లు స్తంభాల మీద ఉండకూడదని కోర్టు చెప్పింది. అప్పటి నుంచి ఎవరు మాట్లాడినా చివరికి చేరేది ఒకే మాటకు: అన్నిటినీ భూమిలోకి దించేద్దాం.

అలా అనేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. ఫోను తీగ ఒకప్పుడు భూమిలోనే ఉండేది.

నిజాం కాలపు టెలిఫోన్ల దాకా పోనక్కర్లేదు, 1980ల, 90ల నాటి ల్యాండ్‌లైన్‌ను చూస్తే చాలు. ఎక్స్‌ఛేంజి నుంచి వందల జతల రాగి తీగలున్న కేబుల్ భూమిలోంచే క్యాబినెట్ (తీగలను పేటలకు విడగొట్టే పెట్టె) దాకా వెళ్లేది. అక్కణ్నుంచి పిల్లర్‌కు, పిల్లర్ నుంచి వీధిలోని డీపీ పెట్టెకు (ఇళ్లకు తీగలు పంచే పెట్టె) అంతకంటే చిన్న కేబుళ్లు, అవీ భూమిలోనే. నీరు చొరబడకుండా తీగల మధ్య జెల్లీ నింపేవారు. పైన కనబడేది డీపీ నుంచి ఇంటికొచ్చే డ్రాప్ వైరు ఒక్కటే. ఆ పద్ధతిలో బాధలు లేవని కాదు. మంచినీటి పైపు కోసం తవ్వినవాళ్లు 400 జతల కేబుల్‌ను తెంపితే, 800 తీగలను రంగులు చూసి ఒక్కొక్కటిగా కలపాలి. జాయింటులో తడి చేరితే పేటంతా ఫోన్లు గరగరలాడేవి. అయినా ఏ కేబుల్ ఏ రోడ్డు పక్కన పోతోందో, ఏ పిల్లర్‌లో ఎన్ని జతలు ఖాళీగా ఉన్నాయో ఎక్స్‌ఛేంజి రికార్డుల్లో రాసి ఉండేది. తీగకు యజమాని ఒక్కడే.

ఈ క్రమం తెగింది 1990ల తొలి ఏళ్లలో. శాటిలైట్ చానళ్లు వచ్చాయి. మేడ మీద డిష్ పెట్టినవాళ్లు వీధి వీధికీ కోయాక్సియల్ తీగ (టీవీ కేబుల్) లాగారు. తవ్వేందుకు డబ్బు లేదు, అనుమతి అడిగేందుకు చట్టం లేదు. ఎదురుగా కరెంటు స్తంభం ఉంది. 1995లో కేబుల్ టీవీ చట్టం వచ్చాక ఆపరేటర్ హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. తీగ ఏ దారిన పోతుంది, ఎంత ఎత్తులో పోతుంది, దేనికి కడుతున్నారు అన్నవి ఆ రిజిస్ట్రేషన్‌లో అసలు ప్రశ్నలే కాలేదు. ఈ కథంతటికీ మలుపు ఇదే. ఇంటర్నెట్ వచ్చినప్పుడు కొత్త కంపెనీలు ఆ ఆపరేటర్ల చేతుల మీదుగానే ఇళ్లకు చేరాయి. రాగి పోయి ఫైబర్ వచ్చింది గానీ దారి మాత్రం మారలేదు.

కంపెనీల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. రోడ్డు తవ్వాలంటే మునిసిపాలిటీకి పునరుద్ధరణ ఖర్చు ముందే కట్టాలి. కేంద్రం 2016 నాటి నిబంధనల్లో భూగర్భ కేబుల్‌కు అనుమతి రుసుము కిలోమీటరుకు 1,000 రూపాయలు మించకూడదని పరిమితి పెట్టింది. అసలు భారం ఆ రుసుముది కాదు, తవ్విన రోడ్డును తిరిగి వేయడానిది. పైగా 2022లో చేసిన సవరణ వీధి స్తంభాల మీద కేబుల్ వేయడానికి దారి తెరిచింది. డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) కూడా స్తంభానికి ఇంతని అద్దె తీసుకున్నాయి. అద్దె తీసుకున్నవాళ్లే ఇప్పుడు కోసేస్తున్నారన్నది కంపెనీల ఫిర్యాదు.

వాళ్ల రెండో వాదన, ఫైబర్‌లో కరెంటు ప్రవహించదన్నది మాత్రం సగమే నిజం. గాజు పోగులో ప్రవహించదు. కానీ ఇళ్లకు లాగే చాలా డ్రాప్ కేబుళ్లకు బరువు మోసేందుకు పక్కన ఒక ఉక్కు తీగ ఉంటుంది. కోయాక్సియల్‌కు లోపల లోహపు తీగ, చుట్టూ లోహపు అల్లిక ఉంటాయి. స్తంభాల మీది కేబుల్ టీవీ యాంప్లిఫైయర్లకు 60 వోల్టుల దాకా కరెంటు కూడా ఆ తీగలోంచే అందుతుంది. పైన 11 కేవీ తీగ, కింద ఎల్టీ తీగలు (ఇళ్లకు కరెంటిచ్చే తక్కువ వోల్టేజీవి), వాటి కింద కేబుళ్లు ఉన్న స్తంభం మీద ఏదో ఒకటి జారి పై తీగను తాకితే ఆ ఉక్కు తీగ పొడవునా కరెంటు పాకుతుంది. అవతలి కొస నాలుగు స్తంభాల అవతల ఎవరి తలకో తగిలే ఎత్తులో వేలాడుతూ ఉండొచ్చు.

లైన్‌మన్ల మాట ఈ గొడవలో ఎవరూ వినడం లేదు. భద్రతా నిబంధనల ప్రకారం వీధిని అడ్డంగా దాటే ఎల్టీ తీగ 5.8 మీటర్ల ఎత్తున, 11 కేవీ తీగ 6.1 మీటర్ల ఎత్తున ఉండాలి. 8 మీటర్ల సిమెంటు స్తంభంలో ఆరో వంతు భూమిలోకి పోతే పైన మిగిలేది 6.7 మీటర్లు. అందులో కేబుళ్లకు చోటు ఎక్కడుంది? ఆ స్తంభాన్ని లెక్కగట్టింది నాలుగైదు తీగల లాగుడుకూ గాలి ఒత్తిడికీ. దాని మీద ఇరవై కేబుళ్లు, మిగులు చుట్టలు, పెట్టెలు వేలాడదీస్తే వానకు నేల మెత్తబడినప్పుడు ఒరుగుతుంది. కస్టమర్ కంపెనీ మారితే కొత్త తీగ వస్తుంది, పాతది మాత్రం అలాగే ఉంటుంది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఫ్యూజు పోయి రాత్రిపూట స్తంభమెక్కే మనిషికి నిచ్చెన ఆనించే చోటు కూడా ఉండదు.

ఇక దించడం సంగతి. విశాఖపట్నం ఆ పనిని 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను తర్వాత మొదలుపెట్టింది. గాలికి వేల స్తంభాలు కూలి నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో నడిచిన విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో విశాఖ భూగర్భ కేబుళ్లు ఒక భాగం. అక్కడి కారణం తుపాను, ఇక్కడిది కేబుళ్ల గుంపు. ఈ తేడా చిన్నది కాదు. తుపాను భయానికి కరెంటు తీగ ఒక్కటి దించినా ప్రయోజనం దక్కుతుంది. హైదరాబాద్‌లో కరెంటు తీగను దించి వీధి దీపం కోసం స్తంభాన్ని ఉంచితే, కేబుళ్లు దాని మీదే ఉంటాయి.

కేబుల్ వేసే పద్ధతికి భారతీయ ప్రమాణం ఐఎస్ 1255. ఎల్టీ కేబుల్ 0.75 మీటర్ల లోతున, 11 కేవీ 0.9 మీటర్ల లోతున, 33 కేవీ 1.05 మీటర్ల లోతున పోవాలి. కింద ఇసుక పరిచి కేబుల్ వేసి, మళ్లీ ఇసుక పోసి, మీద ఇటుకలో పలకలో పరిచి, ఆపైన హెచ్చరిక పట్టీ వేసి పూడ్చాలి. టెలిఫోన్ కేబుల్‌కు, నీటి పైపుకు 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. రోడ్డు దాటేచోట గొట్టంలోంచి పోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రింగ్ మెయిన్ యూనిట్ (11 కేవీ స్విచ్‌ల పెట్టె), వీధిలో ఫీడర్ పిల్లర్లు (ఇళ్లకు కరెంటు పంచే పెట్టెలు) నిలబెట్టాలి. ఫుట్‌పాత్ లేని గల్లీలో వాటికి చోటు దొరకడమే గగనం. స్తంభం నుంచి కొత్త ఇంటికి కనెక్షన్ ఇవ్వడం గంట పని. ఫీడర్ పిల్లర్‌లో ఖాళీ లేకపోతే మళ్లీ తవ్వాలి.

చెడిపోయేది ఎక్కువగా జాయింటు దగ్గరే. చెమట చేత్తో, వాన జల్లులో జాయింటు చేస్తే తడి లోపలే ఉండిపోతుంది. ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ ఇన్సులేషన్‌లో ఆ తడి చెట్టు వేళ్లలా పాకి కొన్నేళ్లకు కేబుల్ పేలుతుంది. వాడిన ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌ను పాత అలవాటు కొద్దీ డీసీ వోల్టేజీతో పరీక్షిస్తే బాగున్నది కూడా బలహీనపడుతుంది. చాలా నెమ్మదిగా మారే 0.1 హెర్ట్‌జ్ ఏసీ పరీక్ష వచ్చింది అందుకే. పైన తెగిన తీగ కంటికి కనబడుతుంది. భూమిలోని లోపాన్ని పరికరంతో దూరం లెక్కగట్టి, చప్పుడు విని, తవ్వి, జాయింటు చేసేసరికి ఒక రోజు గడిచిపోతుంది. అందుకే ప్రతి 11 కేవీ ఫీడర్‌కూ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) రెండో వైపు నుంచి సరఫరా తప్పనిసరి. తవ్వేముందు కింద ఏముందో అడిగేందుకు 2023 మార్చిలో కేంద్రం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. కింద ఉన్నదాని కొలతలు నమోదు కాకపోతే అది చెప్పగలిగేదేమీ లేదు.

2023 టెలికాం చట్టం ఉమ్మడి డక్టులకు (కేబుళ్లు దూర్చే భూగర్భ గొట్టాలు), కేబుల్ కారిడార్లకు వీలు కల్పించింది. దాని కింద వచ్చిన రైట్ ఆఫ్ వే (తీగ వేసే దారి హక్కు) నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. చట్టమైతే వచ్చింది గానీ, డక్టు పడాల్సింది డిస్కం తవ్వే గుంతలో. ఎల్టీ కేబుల్ కోసం ట్రెంచ్ తెరిచిన రోజునే పక్కన 30 సెంటీమీటర్ల ఎడంగా మూడు నాలుగు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గొట్టాలు, మలుపు మలుపుకూ ఒక చాంబర్ పెడితే, గొట్టాల ఖర్చు తవ్వకం ఖర్చు పక్కన చిన్నది. డిస్కం టెండరులో ఆ గొట్టాల పద్దు ఉందా లేదా, ఉంటే వాటి అద్దె ఎవరికి, చాంబర్ తాళం ఎవరి దగ్గర అన్నవి పని మొదలయ్యేలోపే తేలాలి. డక్టు నుంచి ఇంటి గోడ దాకా చివరి పది ఇరవై మీటర్ల తీగ ఎవరి బాధ్యతో కూడా అప్పుడే రాసుకోవాలి. 1995లో అడగకుండా వదిలేసింది ఆ తీగ గురించే.