విశాఖ తీరం, ఉపగ్రహాల కన్ను: ఇసుక తగాదా వెనుక కథ

ఆర్కే బీచ్‌లో సముద్రం రోడ్డు దాకా వచ్చిన ప్రతిసారీ రెండు ఉపగ్రహ చిత్రాలు ఫోన్లలో తిరుగుతాయి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. వాటిని చూసి సముద్రం ఊరిని మింగేస్తోందని కొందరు, అంతా పోర్టు వల్లేనని ఇంకొందరు తేల్చేస్తారు. ఈ తగాదా వయసు తొంభై ఏళ్లు దాటింది. ఉపగ్రహాలు ఇందులోకి సగం దారిలో వచ్చాయి.

ముందు ఇసుక సంగతి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. ఆ ఒరవడికి ఇసుక తీరం వెంబడే ఉత్తరానికి సాగుతుంది. చలికాలంలో కొంత వెనక్కి మళ్లినా, ఏడాది మొత్తం చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. విశాఖ ఓడరేవును డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, గెడ్డ (వాగు) నీరు సముద్రంలో కలిసే ఉప్పుటేటి చిత్తడిలో తవ్వి 1933లో తెరిచారు. ఇసుక వచ్చి ఓడల దారిని పూడ్చేస్తుందని ఇంజనీర్లకు ముందే తెలుసు. అందుకే రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుపెట్టారు. వచ్చే ఇసుక దారిలోకి పోకుండా ఒకచోట పడేలా ఏర్పాటు చేశారు. అలా ఆగిన ఇసుక ఉత్తరాన ఉన్న బీచ్‌కి చేరదు కదా. 1970లలో ఔటర్ హార్బర్ గోడలు సముద్రంలోకి ఇంకా ముందుకు వెళ్లాక ఈ ఇబ్బంది పెరిగింది. అడుగు ఇసుకను తోడే ఓడలతో, అంటే డ్రెడ్జర్లతో, ఆ ఇసుకను బీచ్‌కి పంపేది ఈ లోటు పూడ్చడానికే.

ఇవేవీ ఉపగ్రహం చెప్పిన విషయాలు కావు. 1950ల మొదట్లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి పరిశోధకులతో కలిసి వాల్తేరు ఒడ్డు ఎప్పుడు కోసుకుపోతోందో, ఎప్పుడు మేట వేస్తోందో కొలిచారు. గోదావరి మొగకు (సముద్రంలో కలిసే చోటుకు) ఉత్తరాన ఇసుక తిన్నె ఎందుకు పొడవుగా పెరుగుతోందో భూగర్భ శాస్త్రవేత్త సి. మహదేవన్ బృందం 1958లోనే చర్చించింది. విశాఖలో ఈ చదువు ఇంత పాతదన్న సంగతి ఆ ఫోన్ చిత్రాలు పంచుకునేవాళ్లలో చాలామందికి తెలియదు.

1972లో అమెరికా భూమిని చిత్రించే తొలి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాన్ని పంపింది. 1979 నాటికి దాని చిత్రాలను మన దేశంలోనే అందుకునే కేంద్రం హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో వచ్చింది. 1988లో అలాంటి పనికే మన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహం ఎగిరింది. తీరం గీత పట్టుకోవడంలో సూత్రం సులువే. కంటికి కనిపించని పరారుణ కాంతిని నీరు పీల్చేసుకుంటుంది కాబట్టి చిత్రంలో నీళ్లు నల్లగా, నేల వెలుగుగా పడతాయి. ఒండ్రు కలిసిన నీరు మాత్రం ఎరుపు కాంతిని ఎక్కువగా తిప్పికొడుతుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో ఆ బురద సముద్రంలో ఎంత దూరం పరుచుకుందో అలా తెలుస్తుంది. 1999లో వెళ్లిన మన సముద్ర పరిశీలన ఉపగ్రహం ఓషన్‌శాట్-1 ఇలాంటి పనికి బాగా అక్కరకొచ్చింది.

అసలు మలుపు మాత్రం ఒడ్డు దగ్గర కాదు, నదుల ఎగువన దొరికింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1965-2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల పోయింది. ఏడాదికి గోదావరి తెచ్చే ఒండ్రు 1970లలో సుమారు 15 కోట్ల టన్నులుంటే, 2000-2006 నాటికి 5.7 కోట్లకు పడిపోయింది. కృష్ణ సంగతి ఇంకా ఘోరం: 90 లక్షల టన్నుల నుంచి 4 లక్షలకు. మిగతాది డ్యాముల వెనక ఆగిపోయింది.

మరి విశాఖ సొంత మొగల మాటేమిటి? భీమిలి దగ్గర గోస్తని, దక్షిణాన శారదా వరాహ నదుల కలయిక ఆ డెల్టాల ముందు పిల్లకాలువలే. గోస్తని మీద తాటిపూడి జలాశయం, పోర్టులోకి వచ్చే మేఘాద్రిగెడ్డ మీద మరొకటి కట్టారు. కానీ వాటివల్ల మొగలు ఎలా మారాయో పాత చిత్రాల్లో చూద్దామంటే, తొలి ల్యాండ్‌శాట్‌లో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద దాదాపు 80 మీటర్లు. వేసవిలో ఇసుక అడ్డుపడి సన్నబడ్డ మొగ ఆ ఒక్క చుక్కలోనే కలిసిపోతుంది. 10 మీటర్ల వివరంతో ఐరోపా ఉపగ్రహాలు సెంటినెల్-2 తీసే చిత్రాలు 2015 నుంచే ఉన్నాయి, అవీ ఉచితంగానే. అంటే పెద్ద డెల్టాలకు పొడవైన రికార్డు ఉంది, మన చిన్న మొగలకు ఇంత వివరంగా, ఉచితంగా దొరికేది పదేళ్ల పైచిలుకుదే. నా లెక్కలో ఈ కథలో అందరూ వదిలేసే ముక్క ఇదే.

ఇంకో చిక్కు సముద్రం పోటు, పాటులది (నీరు పొంగడం, తగ్గడం). వాలు ఇరవైకి ఒకటి ఉన్న ఒడ్డున నీటిమట్టం మీటరు పెరిగితే నీటి అంచు ఇరవై మీటర్లు లోపలికి జరుగుతుంది. అమావాస్య పోటులో తీసిన చిత్రాన్ని పాటులో తీసినదాని పక్కన పెడితే లేని కోత కనిపిస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకాక తీసిన చిత్రాన్ని మామూలు రోజులతో పోల్చినా అంతే, తుఫాను దెబ్బ ఏళ్ల తరబడి కోతలా అనిపిస్తుంది. పైగా నదులు ఒండ్రు తెచ్చే వానాకాలంలోనే మబ్బులు కమ్మి మామూలు కెమెరాలకు ఏమీ కనబడదు. మబ్బును దాటి చూసే రాడార్ ఉపగ్రహాలు తీరం గీతను పట్టుకుంటాయి కానీ, నీళ్లలో ఎంత బురద ఉందో చెప్పలేవు.

పోర్టు వల్ల పోయిందెంత, డ్యాముల వల్ల పోయిందెంత అని విడదీయాలంటే 1933కి ముందు తీరం ఎలా ఉండేదో తెలియాలి. దానికి పాత సర్వే పటాలు, పోర్టు లోతు కొలతలు, వాల్తేరు ఒడ్డున 1950లలో రాసుకున్న లెక్కలే ఆధారం. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పోటు తేడాలు సరిచేసి, ఉపగ్రహ చిత్రాల పక్కన పెట్టాలి.