ఐరిష్ వరసల్లో నిషాదం సంగతి

పిల్లలకు ఆశీస్సులు.

కీబోర్డు మీద తెల్ల మెట్లే వాడుతూ 'డి' నుంచి పై 'డి' దాకా వాయించండి. మన కర్ణాటక సంగీతం లెక్కలో అది ఖరహరప్రియ రాగం. ఇప్పుడు 'సి' బదులు దాని కుడిపక్కనున్న నల్ల మెట్టు నొక్కండి. గౌరీమనోహరి అయిపోతుంది. మారింది ఏడో స్వరమైన నిషాదం ఒక్కటే: 'సి' అయితే కైశికి నిషాదం, ఆ నల్ల మెట్టు అయితే కాకలి నిషాదం. పాత ఐరిష్ వరసలు అచ్చులోకి వచ్చినప్పుడు చాలాచోట్ల జరిగింది ఇదే.

1792 జులైలో బెల్‌ఫాస్ట్‌లో హార్ప్ అనే తీగల వాద్యం విద్వాంసులను ఒకచోట చేర్చారు. ఐర్లండ్ మొత్తం మీద పదిమందే వచ్చారు. అందులో డెనిస్ హెంప్సన్‌కు 97 ఏళ్లు. లోహపు తీగలను గోళ్లతో మీటే పాత పద్ధతి అక్కడ ఆయన దగ్గరే మిగిలింది. వాళ్లు వాయిస్తుంటే స్వరాలు రాసుకునే పని 19 ఏళ్ల ఎడ్వర్డ్ బంటింగ్‌ది. చిక్కంతా ఆ తర్వాత అచ్చు దగ్గర వచ్చింది. పుస్తకం కొనేవాళ్ల ఇళ్లలో ఉన్నది పియానో. దానికి తగ్గట్టు తోడు స్వరాలు అల్లాలి. పాశ్చాత్య పద్ధతిలో పాటను ముగింపుకు తెచ్చే కార్డుకు (కలిపి మోగించే స్వరాల గుంపుకు) కాకలి నిషాదం కావాలి, ఈ వరసల్లో చాలావాటికి ఉన్నది కైశికి. బంటింగ్ స్వరాన్నే మార్చేశాడు. అయినా ఆయన రాసుకోకపోతే ఆ వరసలు చాలామటుకు మనదాకా వచ్చేవే కావు, కాబట్టి మరీ తిట్టుకోకండి.

1808 నుంచి ఐరిష్ కవి థామస్ మూర్ అలాంటి వరసలకు ఇంగ్లీషులో పాటలు కట్టాడు, మాటలకోసం నడకనూ కొంత వంచాడు. బీథోవెన్ సంగతి ఇంకా విచిత్రం. ఎడిన్‌బరో ప్రచురణకర్త జార్జ్ థామ్సన్ ఆయనకు వరసలను తరచూ సాహిత్యం లేకుండానే పంపేవాడు. పాట ఏడుపుదో నవ్వుదో తెలియకుండా పియానో, వయొలిన్, చెల్లో భాగాలు ఎలా రాస్తాం? మాటలు పంపమని బీథోవెన్ అడుగుతూనే ఉన్నాడు. థామ్సనేమో పియానో భాగం కష్టంగా ఉంది, మా దేశపు అమ్మాయిలు వాయించలేరని గోల. 1814లో వచ్చిన ఐరిష్ పాటల సంపుటం ఇలా తయారైందే.

మీరు తోడు కడితే మొదట వరస చివర ఏ నిషాదం ఉందో చూడండి. దొరికితే ఒకే వరసకు రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకోండి. ఐరిష్ వరసలు పోగుచేసిన జార్జ్ పెట్రీ సేకరణను సంగీతకర్త స్టాన్‌ఫర్డ్ 1902-05లో పూర్తిగా అచ్చువేశాడు, అందులో 1,582 వరసలున్నాయి. వరస 'డి' మీద నిలిచి కైశికి నిషాదం పలుకుతుంటే, ముగింపు ముందు 'ఏ' మేజర్ కార్డు వేయకండి, అందులో ఆ నల్ల మెట్టు ఉంది. 'సి' మేజర్ వేసి 'డి' మైనర్‌కు రండి.

మీ తాతయ్య