మధురపూడి నుంచి శంషాబాద్‌కి: గాలి చేసే లెక్క

"రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి ఆకాశమార్గాన దాదాపు 360 కిలోమీటర్లేగా, ఏటీఆర్ (రెక్కలకి పంకాలుండే చిన్న రకం) విమానం గంటకి 500 దాకా పోతుందంటారు, మరి టికెట్ మీద గంట పైన ఎందుకు వేస్తారు? పోయేటప్పుడు పట్టిన టైమే వచ్చేటప్పుడు ఎందుకు పట్టదు?" అని అమలాపురం నుంచి ఒకరు అడిగారు.

మొదటిదానికి జవాబు చిన్నదే. టికెట్ మీది టైం గాల్లో ఎగిరే టైం ఒక్కటే కాదు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో విమానం కదిలినప్పటి నుంచి హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్‌లో పూర్తిగా ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా వెళ్లడం, నిదానంగా పైకెక్కడం, దిగేముందు వరసలో వేచి ఉండడం అన్నీ అందులోనే.

అసలు మజా రెండో ప్రశ్నలో ఉంది. విమానం నేలని పట్టుకుని పోదు, గాలిని పట్టుకుని పోతుంది, ఆ గాలి తనే ఎటో కదులుతూ ఉంటుంది. గోదావరిలో లాంచీ కూడా అంతే: పాపికొండల వైపు ఏటికి ఎదురు వెళ్తే ఆలస్యం, తిరిగి ఏటివాలున వస్తే త్వరగా. ఇక్కడ చాలామంది "పోయింది వచ్చింది, సరికి సరి" అనుకుంటారు. కాదు!

లెక్క తేలిగ్గా ఉండడానికి వేగం 480 అనుకుందాం. గాలి లేకపోతే పోను 45 నిమిషాలు, రాను 45, మొత్తం 90. ఇప్పుడు పడమటి నుంచి గంటకి 120 కిలోమీటర్ల గాలి వీస్తోందనుకోండి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు నేల మీద వేగం 360కి పడిపోయి సరిగ్గా గంట పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు 600 అయి 36 నిమిషాల్లో వచ్చేస్తాం. మొత్తం 96. ఆరు నిమిషాలు ఎక్కడికి పోయాయి? ఎదురుగాలిలో మనం గంటసేపు ఉన్నాం, తోసే గాలిలో 36 నిమిషాలే ఉన్నాం, అంటే నష్టంలో ఎక్కువసేపు, లాభంలో తక్కువసేపు. 360నీ 600నీ కూడి సగం చేస్తే 480 వస్తుంది, కానీ సగటు వేగం అది కాదు, మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగిస్తే 450 వస్తుంది. బడిలో ఈ తేడాని సూత్రంగా బట్టీ పట్టించకుండా లాంచీ ఎక్కించి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

పక్క నుంచి వీచినా నష్టమే. సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పడవ) నరసాపురం వైపు దాటేటప్పుడు నీరు లాగేస్తుందని మూతిని కాస్త ఎగువకి తిప్పి పెడతారు కదా, పైలట్ కూడా అలాగే విమానం ముక్కుని గాలివైపు తిప్పుతాడు. కొంత వేగం దానికే ఖర్చవుతుంది: 120 గాలి అడ్డంగా వీస్తే 480 కాస్తా 465 అవుతుంది, అదీ రెండువైపులా.

భూమి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి పడమటికెళ్తే హైదరాబాదే ఎదురొస్తుందని కొందరు వాదిస్తారు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతోందండీ. శుక్రవారం పడమటికి వారశూల అని ప్రయాణం ఆపుకునేవాళ్లూ ఉన్నారు, గాలికి వారాలతో పనిలేదు, రుతువులతోనే పని. చలికాలంలో మన మీద ఎత్తుకి పోయేకొద్దీ పడమటి గాలి బలపడుతుంది. వానాకాలంలో 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తున దక్షిణ భారతం మీద తూర్పు నుంచి జెట్ గాలి (జోరుగా పారే గాలిపాయ) వీస్తుంది, ఏటీఆర్ అంత ఎత్తుకి పోదు కనుక దానికి అది తగలదు.

ఇంకొక్కటి. అదే పడమటి గాలి 60 మాత్రమే అయితే రానూపోనూ నష్టం మూడు నిమిషాలు కాదు, నిమిషంన్నర లోపే. గాలి రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లకి పైనే, గాలి వేగం విమానం వేగాన్ని అందుకుంటే ఇక శంషాబాద్ చేరడమే ఉండదు.