పిండంలో కణాలు అతుక్కోవడం: అపోహలు - వాస్తవాలు

ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టుగా నేను చూసేది మొదటి ఐదారు రోజుల పిండాన్నే. దంపతుల టెన్షన్ మాత్రం చాలాసార్లు పిండం గర్భాశయానికి "అతుక్కుంటుందా, లేదా" అన్న దగ్గరే ఉంటుంది. కానీ అంతకంటే ముందు పిండంలోని కణాలే ఒకదాన్నొకటి పట్టుకోవాలి.

అపోహ: కణాల మధ్య జిగురు ఉంటుంది.

వాస్తవం: మూడో రోజు పిండంలో సుమారు ఎనిమిది కణాలు, దేనికది గుండ్రంగా కనిపిస్తాయి. నాలుగో రోజుకి మధ్య గీతలు చెరిగిపోయి అంతా ఒకే ముద్ద. దీన్ని కాంపాక్షన్ అంటాం. ఇందులో ముఖ్యమైనది ఈ-క్యాథెరిన్ అనే ప్రోటీన్. దాని బయటి కొస పక్క కణం మీదున్న ఈ-క్యాథెరిన్‌ను పట్టుకుంటుంది. లోపలి కొస కెటెనిన్లు అనే ప్రోటీన్ల ద్వారా కణంలోని యాక్టిన్ పోగులకు (కణానికి ఆకారం, బలం ఇచ్చే సన్నని ప్రోటీన్ దారాలకు) తగులుకుని ఉంటుంది. కబడ్డీలో డిఫెండర్లు గొలుసు కట్టినప్పుడు పట్టు చేతులదే, లాగే బలం ఒంటిది. ఇదీ అలాంటిదే. యాక్టిన్, దాన్ని లాగే మయోసిన్ అనే ప్రోటీన్ కలిసి పిండం బయటి ఉపరితలాన్ని బిగిస్తాయి. కణాలు ఆనుకున్న చోట ఆ బిగువు తక్కువ. ఈ తేడా వల్లే అవి ఒకదానికొకటి ఒత్తుకుని పరుచుకుంటాయి. సన్నని పిపెట్‌తో ఉపరితలాన్ని కాస్త పీల్చి, ఈ బిగువును శాస్త్రవేత్త జాఁ-లియోఁ మేత్ర్, సహచరులు ఎలుక పిండాల్లో కొలిచారు (2015). మనిషి పిండాల్లో కొలిచిన ఫలితాలు 2024లో వచ్చాయి.

అపోహ: కాల్షియం మాత్రలు వేసుకుంటే పట్టు పెరుగుతుంది.

వాస్తవం: క్యాథెరిన్‌కు కాల్షియం కావాల్సిందే. మూడో రోజు బయాప్సీకి (జన్యు పరీక్ష కోసం) కణం తీయాలంటే పిండాన్ని కాల్షియం, మెగ్నీషియం లేని ద్రవంలో కాసేపు ఉంచుతారు. కణాలు వదులవుతాయి, మామూలు ద్రవంలోకి మార్చగానే మళ్లీ పట్టుకుంటాయి. కానీ పిండం పెరిగే ద్రవంలో అది కావలసినంత ఉంటుంది. రక్తంలో కాల్షియాన్ని శరీరమే అదుపులో పెట్టుకుంటుంది. డాక్టర్ ఎముకల కోసం రాస్తే వేసుకోండి, దీనికోసం అక్కర్లేదు.

అపోహ: ఎంత గట్టిగా అతుక్కుంటే అంత మంచిది.

వాస్తవం: అసలు పట్టు లేకపోతే కష్టమే. ఈ-క్యాథెరిన్ జన్యువు లేని ఎలుక పిండాలు, అండంలో మిగిలిన తల్లి ప్రోటీన్‌తో కాంపాక్షన్ మొదలుపెడతాయి గానీ, మావికి దారితీసే బయటి పొరను సరిగా కట్టుకోలేక ఆగిపోతాయి. అయితే వదలడం కూడా రావాలి. మూడో వారంలో కొన్ని కణాలు ఈ-క్యాథెరిన్ తగ్గించుకుని పొర నుంచి విడిపోయి లోపలికి వెళ్తాయి. కండ, ఎముక, రక్తం వాటి నుంచే వస్తాయి. ఆ తర్వాత మెదడు, వెన్నుపాము అయ్యే పొర ఈ-క్యాథెరిన్‌ను వదిలి, అదే కుటుంబంలోని మరో ప్రోటీన్ ఎన్-క్యాథెరిన్‌కు మారి, చర్మం పొర నుంచి వేరవుతుంది. మా మైక్రోస్కోప్ కింద ఇవేవీ కనిపించవు, అప్పటికి పిండం గర్భంలో ఉంటుంది. కణాలు ఇలా తమంతట తామే వేరుపడతాయని ముందే తెలుసు: 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ అనే శాస్త్రవేత్తలు ఉభయచరాల (కప్పల వంటి జీవుల) పిండ కణాలను విడదీసి కలగలిపితే, చర్మ కణాలు బయటికి, నాడీ కణాలు లోపలికి వాటంతటవే సర్దుకున్నాయి. ఇలా పట్టుకునే క్యాథెరిన్ల సంగతి జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకెయిచి తేల్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు.

అపోహ: ట్రాన్స్‌ఫర్‌లో (పిండాన్ని గర్భాశయంలోకి పెట్టేటప్పుడు) వాడే 'ఎంబ్రియో గ్లూ' పిండాన్ని గర్భాశయానికి అంటిస్తుంది.

వాస్తవం: అది హైలురోనాన్ (శరీరంలో సహజంగా ఉండే జిగట పదార్థం) ఎక్కువగా ఉండే ద్రవం. కొంత ప్రయోజనం ఉందని కొన్ని అధ్యయనాలు చెప్తున్నాయి. అంటుకునే పని మాత్రం, పిండం తన పెంకు నుంచి బయటికొచ్చాక దాని బయటి కణాలు, గర్భాశయ పొర కలిసి కొన్ని రోజుల్లో చేసుకునేది. ఈలోగా తుమ్మినా, మెట్లెక్కినా పిండం జారిపడదు.