నల్లగొండ పాత గ్రంథాలయాలు: బాగుచేత ఎక్కడ మొదలవ్వాలి?

గ్రంథాలయాలను ఆధునికీకరిస్తామనగానే మన దగ్గర ముందు వినిపించేవి ఏసీ, వైఫై, కంప్యూటర్లు. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలకు అవి కావాల్సిందే. పొద్దున్నే వచ్చి రాత్రిదాకా కూర్చునేవాళ్లకు కనీసం మంచినీళ్లు, మరుగుదొడ్డి లేకుండా పుస్తక సంపద గురించి మాట్లాడటం న్యాయం కాదు. మరి అదే హాలు పక్కన బీరువాల్లో ఉన్న పాత పుస్తకాల సంగతి?

ఆ పుస్తకాలు ఊరికే వచ్చినవి కావు. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది నల్లగొండ జిల్లా మనిషి రావిచెట్టు రంగారావు ఇంట్లోనే. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు తోడు నిలిచారు. నిజాం సర్కారు కచేరీల్లో, పెద్ద చదువుల్లో ఉర్దూ నడిచే కాలమది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. అదే ఏడాది నల్లగొండలో షబ్నవీసు వెంకట రామనరసింహారావు ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం పెట్టారు. 1922లో నీలగిరి పత్రిక నడిపిందీ ఆయనే. సభ పెట్టాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలన్న సర్కారు ఉత్తర్వు, గస్తీ నిషాన్ 53 కూడా ఆ రోజుల్లోదే. అలాంటప్పుడు తెలుగు పుస్తకాన్ని పదిమందికి అందించడమంటే సర్కారు అనుమానాన్ని నెత్తిన పెట్టుకోవడమే.

తర్వాత 1955లో హైదరాబాద్ రాష్ట్రంలో, 1960లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. చందాలతో బతికిన వ్యవస్థ సెస్సు మీదికి మారింది. ఇంటిపన్నుతో పాటు మనం కట్టే గ్రంథాలయ సెస్సు, పన్ను రూపాయికి 8 పైసలు. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరితేనే ఏ మరమ్మతైనా.

ఇక పుస్తకం పరిస్థితి. ఆనాటి చౌక కాగితంలో ఆమ్లం ఉంటుంది; ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగి, పేజీ మూల మడిస్తే పుటుక్కున విరుగుతుంది. బైండింగు మైదా జిగురుకు పురుగు పడుతుంది, అందుకే పాత బైండర్లు అందులో మైలుతుత్తం కలిపేవారు. కాపాడాలన్న తొందరలో ప్లాస్టిక్ లామినేషన్ చేయిస్తే ఇక ఆ పేజీని విడదీయలేం. స్కానింగ్‌లోనూ ఇంతే జాగ్రత్త కావాలి: కుట్టు బిగువుగా ఉన్న పుస్తకాన్ని అద్దం మీద బోర్లించి అదిమితే వెన్ను విరుగుతుంది. పైనుంచి ఫొటో తీసే స్కానరే వాడాలి.

నా మటుకు, మొదటి పని టైల్స్ కాదు, జాబితా. ఏ ఊళ్లో ఏ పుస్తకం ఉందో, ఏ స్థితిలో ఉందో రాయించాలి. ఇందుకు మనకు రెండు విశ్వవిద్యాలయాలున్నాయి: నల్లగొండలో 2007 నాటి మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లో 2008 నాటి పాలమూరు. వయసులో చిన్నవే. కానీ పాత పుస్తకాలకు ఒక బైండింగు గది, ఒక స్కానరు, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులను అక్కడ పెడితే చుట్టుపక్కల నిలయాలన్నిటికీ పనికొస్తాయి. పుస్తకం మాత్రం బాగయ్యాక సొంత ఊరికే తిరిగి వెళ్లాలి.

కాపీరైట్ అడ్డమేమో అనేవాళ్లకు ఒక మాట. రచయిత పోయిన 60 ఏళ్లకు, అంటే ఆ ఏడాది ముగిశాక, హక్కులు తీరిపోతాయి. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు. ఆయన బతికుండగా అచ్చైన పుస్తకాల స్కానింగ్‌కు 2014 నుంచే ఎవరి అనుమతీ అక్కర్లేదు.