సీటు ఎత్తు నుంచి చువ్వల దాకా: హిమాలయన్ బండిపై వాదనల పుట్టుపూర్వోత్తరాలు

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 నడిపేవాళ్ల మధ్య మాట మొదలైతే ఎక్కువసేపు సాగేది వేగం గురించి కాదు. చక్రాల్లో ఇంకా ట్యూబులెందుకు, వెనక లైటు ఏమైంది, కింది గేర్లలో పాత బండిలా ఎందుకు లాగదు, పొట్టివాళ్ల కాలు నేలకు ఎలా ఆనాలి? ఎప్పుడూ ఇవే. బండి వచ్చింది 2023 నవంబరులో. వాదనల వయసు మాత్రం అంతకు ఏడేళ్లు ఎక్కువ. ఎందుకంటే 450ని మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ దాన్ని కొలుస్తున్నది ఒకే కొలబద్దతో: 2016లో వచ్చిన హిమాలయన్ 411తో.

అప్పటికి మన దేశంలో రాళ్ల దారి కోసమే కట్టిన బండ్లు దాదాపు లేవు. హీరో 2011లో ఇంపల్స్ తెచ్చింది. ఎత్తు ఉంది, పొడవాటి సస్పెన్షన్ ఉంది, ఇంజిన్ మాత్రం 150 సీసీ. లడఖ్, స్పితి వెళ్లేవాళ్లు బుల్లెట్టుకే సంచులు తాళ్లతో కట్టుకుని బయల్దేరేవాళ్లు. నేలకు దగ్గరగా ఉండే ఆ బండికి రాయి తగిలితే దెబ్బ నేరుగా ఇంజిన్ అడుగుకే.

411లో మారింది ముందుగా కొలతలు. ఫ్రేమ్ పని చూసింది బ్రిటన్‌లోని హ్యారిస్ పెర్ఫార్మెన్స్. ఆ సంస్థను రాయల్ ఎన్‌ఫీల్డ్ 2015లో కొనేసింది. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. ముందు సస్పెన్షన్ కదలిక 200 మిల్లీమీటర్లు, నేల నుంచి బండి అడుగుకు 220. ఇన్ని ఉన్నా సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు దాటలేదు. తర్వాత వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200కు 823, కేటీఎం 390 అడ్వెంచర్‌కు 855. ఈ అంకె ఒక్కటే చాలామందిని 411 వైపు లాగింది. ఐదడుగుల ఐదంగుళాల మనిషి గులకరాళ్ల మీద బండి ఆపి, రెండు కాళ్లూ కింద పెట్టి, వెనక్కి తోసుకోగలిగేవాడు. సీటు ముందు భాగం సన్నగా ఉండటం కూడా కలిసొచ్చింది. ఎంత తక్కువ ఎత్తయినా సీటు వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు విచ్చుకుని మడమలు గాల్లో తేలతాయి. సన్నగా ఉంటే కాళ్లు నిటారుగా దిగుతాయి.

ట్యాంకు చుట్టూ ఉన్న ఇనుప కడ్డీల మీద మొదటి నుంచీ రెండు మాటలు ఉన్నాయి. జెర్రీ క్యాన్లు (అదనపు పెట్రోలు డబ్బాలు) తగిలించుకోవడానికి, బండి పడితే ట్యాంకు సొట్ట పోకుండా కాయడానికి అవి పనికొచ్చాయి. పొడుగువాళ్ల మోకాళ్లు మాత్రం సరిగ్గా ఆ కడ్డీలకే కొట్టుకునేవి. ఈ గొడవ ఐదేళ్లు నడిచాక 2021 మోడల్‌లో ముందు కడ్డీలను మోకాళ్లకు తగలకుండా మార్చారు. 2022లో వచ్చిన స్క్రామ్ 411లో అసలు తీసేసి, ముందు చక్రం 19 అంగుళాలకు తగ్గించి, ఊళ్లో తిరిగేవాళ్లకు అమ్మారు. వాడేవాళ్లు చెప్పింది డిజైన్‌లోకి చేరడానికి ఎంత కాలం పడుతుందో ఈ కడ్డీల కథే చెబుతుంది.

ఇంజిన్ సంగతి ఇంకా పెద్దది. 411లోది ఒకటే సిలిండర్, బోరు 78, స్ట్రోక్ 86 మిల్లీమీటర్లు. పిస్టన్ వెడల్పు కంటే దాని ప్రయాణం ఎక్కువ. బలం 24.5 బీహెచ్‌పీ, టార్క్ (తిప్పే బలం, అంటే లాగుడు) 32 ఎన్ఎం, అదీ 4,000-4,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో లారీ వెనక రెండో గేరులో పాకుతున్నా ఇంజిన్ దగ్గదు, క్లచ్ పట్టక్కర్లేదు. అదే బండి హైవే ఎక్కితే వంద దాటాక హ్యాండిల్ వణుకుతుంది, బస్సును దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి. గేర్లు ఐదే. మొదటి బండ్లలో కార్బురేటర్ ఉండేది. ఎత్తు పెరిగి గాలి పల్చబడ్డా అది పెట్రోలును అదే లెక్కన పోస్తుంది కాబట్టి కనుమల మీద బండి నీరసించేది. 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి ఆ బాధ చాలావరకు తీరింది. బలం చాలదన్న మాట మాత్రం చివరిదాకా పోలేదు.

450 ఆ మాటకు జవాబు. 452 సీసీ, నీటితో చల్లబడే ఇంజిన్, 40 పీఎస్ (సుమారు 39.5 బీహెచ్‌పీ) బలం, 40 ఎన్ఎం టార్క్, ఆరు గేర్లు. బోరు 84, స్ట్రోక్ 81.5. చూశారా, లెక్క తిరగబడింది. ఇప్పుడు వెడల్పు ఎక్కువ, ప్రయాణం తక్కువ. ఇలాంటి ఇంజిన్ పైకి తిరిగితేనే ఉత్సాహంగా ఉంటుంది. గరిష్ఠ బలం 8,000 ఆర్‌పీఎం దగ్గర, గరిష్ఠ టార్క్ 5,500 దగ్గర. అందుకే హెయిర్‌పిన్ మలుపులో పాత అలవాటుతో రెండో గేరులోనే తిప్పినవాళ్లు బండి కుదుపుతోందని, ఆగిపోతోందని అంటున్నారు. అది లోపమనడం న్యాయం కాదు, కోరుకున్న బలానికి కట్టిన ధర అది. మలుపులోకి వెళ్లకముందే మొదటి గేరుకు దిగాలి, లేదా క్లచ్‌ను సగం పట్టి లాగించాలి. ముందు స్ప్రాకెట్‌కు (చైన్ తిరిగే పళ్ల చక్రానికి) ఒక పన్ను తగ్గించుకునేవాళ్లూ ఉన్నారు. దాంతో ప్రతి గేరులో లాగుడు ఆరేడు శాతం పెరుగుతుంది. హైవే మీద ఇంజిన్ కూడా అంతే ఎక్కువ తిరుగుతుంది.

బరువు విషయంలో డిజైనర్లను మెచ్చుకోవాలి. చివరి 411 బరువు 199 కిలోలు, ట్యాంకు 15 లీటర్లు. 450లో ట్యాంకు 17 లీటర్లకు పెరిగినా బరువు 196కు దిగింది. సీటు మాత్రం 825కు లేచింది, కావాలంటే 845కు పెంచుకోవచ్చు. తక్కువ ఎత్తు సీటు విడిగా కొనుక్కుంటే 805కు వస్తుంది. పాత 800 కోసం బెంగపడేవాళ్లకు దొరికే ఊరట అంతే.

ఇక ట్యూబులు. చువ్వల చక్రంలో చువ్వ నిపుల్ (చువ్వను బిగించే చిన్న మర) రిమ్ము మధ్యలోంచి దూరుతుంది. ఆ రంధ్రాల్లోంచి గాలి పోతుంది కాబట్టి లోపల ట్యూబు తప్పదు. చువ్వలను రిమ్ము అంచులకు బిగిస్తే మధ్య భాగం మూసుకుపోయి ట్యూబ్‌లెస్ టైరు వేసుకోవచ్చు. 450కి ఇలాంటి చక్రాలు వస్తాయని మొదట్నుంచీ చెప్పినా, మన దేశంలో కొనేవాళ్ల చేతికి అందింది 2024లో, అదీ అదనపు డబ్బు కడితేనే. కోపమంతా ఆ ఎదురుచూపు మీదే.

ఆ కోపం ఎందుకో తెలియాలంటే వెనక చక్రం పంక్చర్ ఒకసారి విప్పి చూడాలి. సెంటర్ స్టాండ్ వేసి యాక్సిల్ (చక్రపు ఇరుసు) నట్టు వదులు చేయాలి, చక్రాన్ని ముందుకు తోసి చైన్ దించాలి, యాక్సిల్ లాగాలి. అప్పుడే స్పేసర్లు (చక్రానికి రెండు పక్కలా ఉండే చిన్న గొట్టాలు) జారి మట్టిలో పడతాయి. ఏది ఎటువైపుదో ముందే ఫోనులో ఫొటో తీసుకోవడం మంచిది. వాల్వ్ పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలి, టైరు అంచును రిమ్ము గాడిలోకి తొక్కాలి. లీవర్లు రెండైనా కావాలి. ట్యూబు బయటికి తీశాక టైరు లోపల వేలితో తడిమి మేకు తీయకపోతే అతికిన చోటే మళ్లీ దిగుతుంది. ట్యూబును తిరిగి పెట్టేముందు కాస్త గాలి నింపితే మెలిక పడదు. చాలామంది దెబ్బతినేది చివర్లో: లీవర్‌కూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి రెండు చిన్న చిల్లులు పడతాయి, పని మళ్లీ మొదటికి. చేయి తిరిగినవాడికి ముప్పావు గంట. ట్యూబ్‌లెస్ అయితే మేకు పీకి, జిగురు తాడు దూర్చి, గాలి కొట్టడానికి పది నిమిషాలు.

అయితే ట్యూబులే మేలనే రెండో పక్షం వాదన కూడా కొట్టిపారేసేది కాదు. రాయికి కొట్టుకుని రిమ్ము అంచు వంగితే ట్యూబ్‌లెస్ టైరు అక్కడే గాలి వదిలేస్తుంది. ట్యూబు ఉంటే ఆ సొట్టతోనే ఊరు చేరవచ్చు.

వెనక లైటు మీద వచ్చినంత ఏకాభిప్రాయం మరి దేనిమీదా లేదు. 450లో విడిగా టెయిల్ లైటు లేదు. రెండు ఇండికేటర్లే టెయిల్ లైటు, బ్రేకు లైటు కూడా. వెనక భాగం పొట్టిగా, శుభ్రంగా కనిపిస్తుంది, నిజమే. పక్క సంచులు కడితే కోణాన్ని బట్టి ఆ లైట్లు మరుగున పడతాయి. బండి ఒక పక్కకు పడి ఒకటి విరిగితే ఇండికేటరుతో పాటు బ్రేకు లైటు సగం పోతుంది. పడటం మామూలే అయిన బండికి ఈ ఏర్పాటు ఎందుకన్నది సబబైన ప్రశ్న.

2025 జనవరిలో వచ్చిన స్క్రామ్ 440లో పాత పొడుగు స్ట్రోక్ ఇంజిన్‌నే 443 సీసీకి పెంచి ఆరో గేరు ఇచ్చారు, ఒక రకానికి ట్యూబ్‌లెస్ అలాయ్ చక్రాలూ వేశారు. 411 వాళ్లు ఏళ్ల తరబడి అడిగినవి ఇవే. కానీ ముందు చక్రం 19 అంగుళాలది. 21 అంగుళాల చక్రం, పాత ఇంజిన్ రెండూ కావాలనేవాళ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ 411ల వెంట పడుతున్నారు. అలా కొనేవాళ్లు సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం లేపి, హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడాలి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ బేరింగులు (హ్యాండిల్ తిరిగే చోట ఉండేవి) అయిపోయినట్టే. తర్వాత ఒక స్పానర్‌తో చువ్వలన్నిటినీ ఒక్కొక్కటిగా తట్టాలి. అన్నీ దాదాపు ఒకేలా టింగుమనాలి. ఎక్కడైనా చప్పుడు మొద్దుబారితే ఆ చువ్వ వదులు.